హాఫ్ యాడర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో డిజిటల్ ల్యాబ్ రికార్డు ఏది తిరగేసినా వరస ఒకటే. హాఫ్ యాడర్, ఫుల్ యాడర్, మల్టిప్లెక్సర్, డీకోడర్, ఫ్లిప్‌ఫ్లాప్, చివర్లో నాలుగు బిట్ల కౌంటర్. రికార్డు మీద సంతకం పడుతుంది, ల్యాబ్ అయిపోతుంది. నాలుగో ఏడాదికి వచ్చేసరికి అదే బ్యాచ్ ప్రాజెక్టు పేరు ‘32 బిట్ల రిస్క్ ప్రాసెసర్ రూపకల్పన’. కౌంటర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య నేర్పిన మెట్టు ఒక్కటీ ఉండదు. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులకు గిరాకీ ఎందుకుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఖాళీని ఎలా పూరించాలన్నదే ఈ వ్యాసం పట్టించుకునే ప్రశ్న. దానికి ఒక జవాబు నలభై ఏళ్లుగా యూరప్, అమెరికా విశ్వవిద్యాలయాల్లో నలుగుతోంది: సర్క్యూట్‌ని ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో రాయించండి, రాసినదాన్ని ప్రోగ్రామబుల్ చిప్ మీద నడిపించండి. ఇప్పుడు పనిముట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, బోర్డులు కొన్ని వేల రూపాయల్లోకి దిగాయి. కాబట్టి మనకూ అందే జవాబే. అయితే ఈ పద్ధతి గురించి వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం భాషను మెచ్చుకోవడంతోనే సరిపోతుంది. ఏ ప్రాజెక్టు ఎంచుకోవాలి, ఏ పనికి ఎన్ని వారాలు ఇవ్వాలి, దేన్ని చూసి మార్కులు వేయాలి అన్న సంగతులు వాటిలో తక్కువ. కోడ్ కురచ అవుతుందని అందరూ చెబుతారు. అది చిన్న లాభం. ‘ఈ సర్క్యూట్ ఏం చేయాలి’ అన్న వివరణనే నడిపి చూడగలగడం పెద్ద లాభం. అది దక్కాలంటే, సరైన జవాబును సర్క్యూట్‌తో నిమిత్తం లేకుండా వేరే దారిలో తెలుసుకోగలిగే ప్రాజెక్టునే ఎంచుకోవాలి. మిగతా ప్రణాళిక దాని వెనకే నడుస్తుంది.

చిప్పూ ప్రమేయమూ

ప్రోగ్రామబుల్ చిప్ అంటే ఇక్కడ మైక్రోకంట్రోలర్ కాదు, ఎఫ్‌పీజీఏ. ఆర్డ్వినో మీద ఉండే చిప్‌లో సర్క్యూట్ మారదు. మనం ఇచ్చిన ఆదేశాలను ఒకదాని తర్వాత ఒకటి అమలు చేస్తుంది. ఎఫ్‌పీజీఏలో మారేది సర్క్యూటే. లోపల వేల సంఖ్యలో చిన్న పట్టికలు ఉంటాయి. నాలుగు ఇన్‌పుట్‌ల పట్టికలో 16 గడులు. ఆ గడుల్లో ఏ సున్నాలు, ఏ ఒకట్లు నింపుతామో దాన్ని బట్టి పట్టిక ఒక్కో గేటుగా పనిచేస్తుంది. పట్టికల పక్కనే ఫ్లిప్‌ఫ్లాప్‌లు, వాటి మధ్య కావలసినట్టు కలుపుకోగల తీగలు. రాస్ ఫ్రీమన్ ఆలోచనతో జైలింక్స్ కంపెనీ 1985లో తెచ్చిన మొదటి చిప్ ఎక్స్‌సీ2064లో ఇలాంటి లాజిక్ బ్లాకులు 64 మాత్రమే. ఇవాళ కాలేజీల్లో కనిపించే బేసిస్ 3 బోర్డు మీది ఆర్టిక్స్-7 చిప్‌లో ఆరు ఇన్‌పుట్‌ల పట్టికలే 20,800 ఉన్నాయి. విద్యార్థి ప్రాజెక్టుకి చోటు చాలకపోవడం ఇప్పుడు అరుదు.

ఇక ప్రమేయం. ఇంటర్ మొదటి ఏడాది 1ఏ లెక్కల పుస్తకంలో ఏళ్ల తరబడి మొదటి అధ్యాయం అదే. ఒక ఇన్‌పుట్‌కి ఎప్పుడడిగినా ఒకే అవుట్‌పుట్. నిన్న ఏం జరిగిందో దానికి గుర్తుండదు. ఫ్లిప్‌ఫ్లాప్‌లు లేని గేట్ల సర్క్యూట్ అచ్చం ఇలాంటిదే. సి భాషలో ఫంక్షన్ అని పిలిచేది మాత్రం ఇలా ఉండదు, దారిలో ఏదో ఒక చలరాశిని మార్చేసి రావచ్చు. హాస్కెల్ లాంటి భాషలు ఆ స్వేచ్ఛ ఇవ్వవు. గుర్తుంచుకునే సర్క్యూట్లకూ దారి ఉంది. ప్రస్తుత స్థితినీ ఇన్‌పుట్‌నూ తీసుకుని కొత్త స్థితినీ అవుట్‌పుట్‌నూ ఇచ్చే ప్రమేయం ఒకటి రాస్తాం, స్థితిని రిజిస్టర్‌లో పెడతాం. పాఠాల్లో మీలీ యంత్రం అని చెప్పేది దీన్నే. క్లాష్ అనే భాషలో అదే పేరుతో ఒక ఫంక్షన్ ఉంది. విద్యార్థి నోట్సులోని బొమ్మ దాదాపు యథాతథంగా కోడ్‌లోకి వస్తుంది.

ఎవరెవరు ఏం చేశారు

జాన్ బ్యాకస్ 1977 ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో ఎఫ్‌పీ అనే చిన్న ఫంక్షనల్ భాషను ముందుపెట్టాడు. దాన్ని సర్క్యూట్లకు మలిచి మేరీ షీరన్ 1984లో మ్యూఎఫ్‌పీని ప్రకటించారు. పధ్నాలుగేళ్ల తర్వాత పెర్ బియెసె, కోన్ క్లాసెన్, సత్నామ్ సింగ్‌లతో కలిసి ఆమె రాసిన లావా వ్యాసం ఈ రంగానికి మూలగ్రంథం లాంటిది. హాస్కెల్‌లో ఒక్కసారి రాసిన సర్క్యూట్‌ను అనుకరించి చూడవచ్చు, రుజువు చేసే సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వవచ్చు, వీహెచ్‌డీఎల్ అనే హార్డ్‌వేర్ భాషలోకి మార్చి చిప్‌లోకి పంపవచ్చు అని వాళ్లు చూపించారు. స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో దీనితో పాఠాలు నడిచాయి. గ్లాస్గోలో జాన్ ఓడానెల్ హైడ్రా అనే భాషతో ట్రాన్సిస్టర్ల దగ్గర్నుంచి కంప్యూటర్ దాకా ఒకే భాషలో బోధించే పద్ధతిని నిర్మించి, ఆ అనుభవాన్ని 1995లో వ్యాసంగా ప్రచురించాడు. బోధన దృష్టితో చూస్తే హైడ్రాకి రావలసినంత పేరు రాలేదనిపిస్తుంది.

లావాలో ఒక చిక్కు ఉంది, అది విద్యార్థికి వెంటనే తగులుతుంది. అక్కడ హాస్కెల్ ప్రోగ్రామ్ సర్క్యూట్ కాదు, సర్క్యూట్‌ని కట్టే ప్రోగ్రామ్. అందుకని హాస్కెల్‌లోని ‘ఇఫ్’ను తీగ మీది విలువతో వాడలేం. పైగా ఒక తీగ రెండు చోట్లకు వెళ్తోందా, లేక ఒకేలాంటి రెండు తీగలా అన్నది స్వచ్ఛమైన ఫంక్షనల్ భాషకు తెలియదు. ఫ్లిప్‌ఫ్లాప్ అవుట్‌పుట్‌ని తిరిగి దాని ఇన్‌పుట్‌కే కలిపితే, గీసేవాడికి అది ఒక చిన్న చుట్టు. భాషకు అంతులేని చెట్టు. దీనికి పరిష్కారాలు వచ్చాయి గానీ మొదటిసారి నేర్చుకునేవాడికి అవి అర్థం కావు.

నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో పుట్టిన క్లాష్ ఆ చిక్కును పక్కనుంచి దాటింది. అది హాస్కెల్ కంపైలర్ లోపలి రూపాన్నే తీసుకుని వెరిలాగ్‌గానో వీహెచ్‌డీఎల్‌గానో మారుస్తుంది. దాంతో మామూలు ‘ఇఫ్’, ‘కేస్’ అన్నీ మల్టిప్లెక్సర్లుగా మారిపోతాయి. క్రిస్టియాన్ బాయ్ 2015 డాక్టరేట్ గ్రంథంలో దీని లోపలి కథంతా ఉంది. విద్యార్థుల చేతికి ఇవ్వదగిన పుస్తకం గెర్గో ఎర్డి రాసిన ‘రెట్రోకంప్యూటింగ్ విత్ క్లాష్’. పాత వీడియో గేములనూ కంప్యూటర్లనూ ఒక్కొక్కటిగా ఎఫ్‌పీజీఏ మీద తిరిగి కట్టుకుంటూ పోతుంది. ప్రాజెక్టుల వరస ఎలా పేర్చాలో చూడాలంటే దాని విషయసూచిక చాలు.

మన దేశానికి దగ్గరి కథ బ్లూస్పెక్‌ది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి ఎంఐటీలో ప్రొఫెసరైన అర్వింద్ బృందం నుంచి వచ్చిన ఆలోచన ఇది. కంపైలర్ హాస్కెల్‌లో రాశారు, భాష మొదటి రూపం కూడా హాస్కెల్‌ని పోలినదే. కొనుగోలుదార్లు బెదరకుండా తర్వాత సిస్టమ్ వెరిలాగ్ వేషం వేశారు. 2020లో కంపైలర్‌ను ఉచితంగా విడుదల చేశారు. ఐఐటీ మద్రాస్‌లో కామకోటి నాయకత్వంలో తయారైన శక్తి ప్రాసెసర్లు బ్లూస్పెక్‌లో రాసినవే. 2018లో వాటిలో ఒకటి ఇంటెల్ 22 నానోమీటర్ల ఫౌండ్రీలోనూ, ఇంకొకటి చండీగఢ్ పక్కన మొహాలీలోని ఎస్‌సీఎల్‌లో 180 నానోమీటర్ల ప్రక్రియలోనూ చిప్‌గా బయటికొచ్చాయి. ఫంక్షనల్ భాషలతో బొమ్మ సర్క్యూట్లే వస్తాయని ఎవరైనా అంటే చూపించదగిన సాక్ష్యం ఇది. కానీ బ్లూస్పెక్ పూర్తిగా ఫంక్షనల్ కాదు. కట్టడం వరకు ఫంక్షనల్; నడక మాత్రం ‘ఈ షరతు నెరవేరితే ఈ మార్పులన్నీ ఒక్కసారిగా జరగాలి’ అనే నియమాలతో. ఆ నియమాల్లో ఏవి ఒకే టిక్కులో కలిసి నడవగలవో కంపైలర్ నిర్ణయిస్తుంది. పెద్ద డిజైన్లకు అది వరం. కొత్తవాడికి మాత్రం తన సర్క్యూట్ ఈ టిక్కులో ఎందుకు ఆగిందో చెప్పుకోలేని పరిస్థితి తెస్తుంది. ఎంఐటీలో మొదటి స్థాయి కోర్సుకు మినీస్పెక్ అనే చిన్న రూపాన్ని విడిగా తయారు చేసుకున్నారంటే కారణం ఊహించవచ్చు.

బర్కలీలో స్కాలా ఆధారంగా 2012లో వచ్చిన చిజెల్‌ను కూడా ఈ కోవలోనే లెక్కేస్తారు. జావా వచ్చిన విద్యార్థికి ఇది త్వరగా పట్టుబడుతుంది. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్టిన్ షోబర్ల్ దీనితోనే మొదటి డిజిటల్ కోర్సు చెబుతూ రాసిన పాఠ్యపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. అయితే లావాలోలాగే ఇందులోనూ స్కాలా సర్క్యూట్‌ని కట్టే మేస్త్రీ మాత్రమే. ‘ఇఫ్’ వేరు, ‘వెన్’ వేరు. జేన్ స్ట్రీట్ అనే ట్రేడింగ్ సంస్థ వాడే హార్డ్‌క్యామల్ ఓక్యామల్ భాషలో ఇదే పని చేస్తుంది.

ఈ భాషలేవీ లేకుండా బాగా బోధించినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లను దాటేసి పోతే సమీక్ష ఏకపక్షమవుతుంది. నిక్లాస్ విర్త్ జ్యూరిక్‌లో లోలా అనే చిన్న భాషతో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు సర్క్యూట్లు నేర్పాడు. ఎనభై ఏళ్లకు చేరువలో తన ఒబెరాన్ వ్యవస్థ కోసం ఎఫ్‌పీజీఏ మీద సొంత ప్రాసెసర్ రాసుకున్నాడు. నిసాన్, షాకెన్‌ల ‘నాండ్ టు టెట్రిస్’ కోర్సు ఒక్క నాండ్ గేటు నుంచి కంప్యూటర్ దాకా తీసుకెళ్తుంది, పూర్తిగా సిమ్యులేటర్‌లోనే. ప్రతి మెట్టుకీ పరీక్ష ఫైలు ముందే చేతికిస్తుంది. ఆ కోర్సు అంతమందికి పట్టుబడటానికి ఆ పరీక్ష ఫైళ్లే పెద్ద కారణమని నేననుకుంటాను.

భాష ఇచ్చేది, ఇవ్వనిది

వెరిలాగ్ నేర్చుకునేవాడు మొదట తగిలించుకునే దెబ్బలు రెండు. ఒకటి, రెండు రకాల అసైన్‌మెంట్ గుర్తుల్లో ఏది ఎక్కడ వాడాలో తెలియకపోవడం. రెండోది, షరతుల్లో ఒక సందర్భం మరిచిపోతే అడగని లాచ్ ఒకటి సర్క్యూట్‌లో చేరడం. క్లాష్‌లో ఈ రెండూ పుట్టవు, ఎందుకంటే అసైన్‌మెంటే లేదు. జ్ఞాపకం కావాలంటే రిజిస్టర్ అని నోరు తెరిచి అడగాలి. ఎనిమిది బిట్ల తీగను పది బిట్ల చోట కలిపితే వెరిలాగ్ సర్దుకుని ఊరుకుంటుంది, క్లాష్ కంపైల్ చేయనంటుంది. రెండు వేర్వేరు క్లాక్‌ల మీది సిగ్నళ్లను పొరపాటున కలిపినా అంతే. ఇవి సౌకర్యాలు. లక్షల లైన్ల కోడ్ రాసే కంపెనీలకన్నా వైవాకి ముందు రాత్రి తప్పు వెతుక్కునే విద్యార్థికే ఎక్కువ పనికొస్తాయి.

కాలం సంగతి మాత్రం భాష చూసుకోదు. పదహారు సంఖ్యలు కూడాలి. ఫంక్షనల్ ప్రోగ్రామర్‌కి వెంటనే తోచేది ఫోల్డ్: మొదటిదానికి రెండోది, దానికి మూడోది, అలా చివరిదాకా. జవాబు సరిగ్గానే వస్తుంది. చిప్‌లో మాత్రం 15 యాడర్లు ఒకదాని వెనక ఒకటి గొలుసుగా నిలబడతాయి. అదే కూడికను జంటలు జంటలుగా చేస్తే యాడర్లు అవే 15, వరసలు నాలుగే. క్లాష్‌లో మొదటి ఆకారానికి ఒక ఫంక్షన్, రెండో ఆకారానికి ఇంకొకటి ఉన్నాయి. రెంటికీ జవాబు ఒకటే, పరీక్షలు రెంటినీ పాస్ చేస్తాయి, తేడా టైమింగ్ రిపోర్టులో తప్ప ఎక్కడా కనిపించదు. ఈ ఒక్క ఉదాహరణను రెండు తరగతుల పాటు చెప్పినా దండగ కాదు. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాడికి సర్క్యూట్ అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది.

ఒక ప్రాజెక్టును పట్టుకుని చూస్తే

మధ్య మెట్టుకి నేను సూచించేది సార్టింగ్ నెట్‌వర్క్. లావా వ్యాసాల కాలం నుంచీ ఈ రంగానికి ఇష్టమైన ఉదాహరణే. రెండు సంఖ్యలు తీసుకుని చిన్నదాన్ని పైకి, పెద్దదాన్ని కిందికి పంపే పోలిక గడి ఒకటి తయారు చేస్తాం. అలాంటి గడులను ఒక పద్ధతిలో అల్లితే ఎనిమిది సంఖ్యలు వరసలో బయటికొస్తాయి. కెన్ బ్యాచర్ 1968లో ఇచ్చిన బేసి-సరి అల్లికకు ఎనిమిది సంఖ్యలకు 19 గడులు, ఆరు వరసలు కావాలి. అల్లికను రికర్సివ్‌గా చెప్పాలి: సగం సగం సార్ట్ చేసి, రెండు సగాలనూ కలుపు. వెరిలాగ్‌లో ఇది తీగల పేర్ల అడవి. హాస్కెల్‌లో అర పేజీ.

దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం పరీక్ష. ఎనిమిది బైట్లు అంటే 64 బిట్లు. అన్ని ఇన్‌పుట్‌లూ ప్రయత్నించాలంటే మన జీవితం చాలదు. కానీ కనూత్ పుస్తకం మూడో సంపుటం చదివినవాళ్లకు తెలిసిన సూత్రం ఒకటుంది: పోలిక గడులతో మాత్రమే కట్టిన అల్లిక, సున్నాలూ ఒకట్లతో కూడిన అన్ని ఇన్‌పుట్‌లనూ సరిగ్గా వరస పెడితే, ఏ సంఖ్యలనైనా సరిగ్గా వరస పెడుతుంది. ఎనిమిదింటికి అవి 256. అంతే, అల్లిక తేలిపోయింది.

తేలింది అల్లిక మాత్రమే అన్నది ఇక్కడ గమనించాలి. గడి లోపల తప్పుంటే, ఉదాహరణకు అది కింది నాలుగు బిట్లనే పోలుస్తుంటే, సున్నా-ఒకటి పరీక్ష దాన్ని పట్టుకోదు. దానికి వేరే పరీక్ష కావాలి: రెండు బైట్ల గడికి సాధ్యమైన ఇన్‌పుట్‌లు 65,536, అన్నీ నడిపేయవచ్చు. మరి అల్లిక రాసినవాడు దారిలో ఎక్కడో సంఖ్యలోకి తొంగి చూసి మోసం చేయలేదని ఏం నమ్మకం? పోలిక గడిని అల్లికకు ఒక ఇన్‌పుట్‌గా ఇచ్చి, సంఖ్యల రకాన్ని తెరిచి ఉంచితే చాలు. తొంగి చూసే కోడ్‌ను హాస్కెల్ టైపులు ఒప్పుకోవు. రెండు పరీక్షలూ కలిపి 65,792. ఇన్ని కోట్ల కోట్ల ఇన్‌పుట్‌ల సర్క్యూట్ గురించి మూడో ఏడాది విద్యార్థి ‘ఇందులో తప్పు లేదు’ అని ధైర్యంగా చెప్పగలడు, ఎందుకు లేదో కూడా చెప్పగలడు. ఫంక్షనల్ భాషను ఈ పనిలోకి తేవడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు తెలియదు.

ఇప్పుడు చిప్. లాటిస్ కంపెనీ ఐస్40 కుటుంబంలో చిన్న చిప్ హెచ్‌ఎక్స్1కే, నాలుగు ఇన్‌పుట్‌ల పట్టికలు 1,280. ఒక గడికి పోల్చడానికి ఎనిమిది, ఎంచడానికి పదహారు, మొత్తం 24 పట్టికలు అనుకుంటే 19 గడులకు 456. హాయిగా పడుతుంది. ఈ లెక్కను విద్యార్థి ముందే కాగితం మీద వేసి, తర్వాత టూల్ ఇచ్చిన అంకెతో పోల్చి, తేడా ఎందుకొచ్చిందో రాయాలి. ఈ చిప్ ఉన్న బోర్డు మీది క్లాక్ 12 మెగాహెర్ట్జ్ అనుకుందాం, అంటే టిక్కుకు 83 నానోసెకన్లు. ఆరు వరసలూ ఆ వ్యవధిలో దాటిపోయే అవకాశమే ఎక్కువ కాబట్టి అక్కడితో ఆగితే పాఠం లేదు. వరసల మధ్య రిజిస్టర్లు పెట్టించి, పెట్టకముందూ పెట్టాకా గరిష్ఠ వేగం ఎంతో చెప్పమనాలి. సర్క్యూట్‌ను చిప్ మీద అమర్చే ఉచిత టూల్ నెక్స్ట్‌పీఎన్ఆర్ ఆ అంకెను చివర్లో అచ్చేస్తుంది.

ఆ తర్వాత వస్తుంది ఎవరూ ప్రణాళికలో రాసుకోని ప్రశ్న. 64 బిట్లు లోపలికి, 64 బిట్లు బయటికి. బోర్డు మీద అన్ని పిన్నులు లేవు. సీరియల్ పోర్టు కట్టాలి. 9600 బాడ్ వేగంలో ఒక బిట్‌కి సరిగ్గా 1,250 టిక్కులు, బైట్‌కి ముందో బిట్, వెనకో బిట్ కలిపి పది బిట్లు. ఎనిమిది బైట్లు లోపలికి రావడానికి లక్ష టిక్కులు. వాటిని వరస పెట్టడానికి ఒక టిక్కు. సార్టర్ ఒక మధ్యాహ్నంలో పూర్తయి, దాని గుమ్మం కట్టడానికి రెండు వారాలు పడితే విద్యార్థి వెనకబడ్డాడని అర్థం కాదు. హార్డ్‌వేర్ పని అలాగే ఉంటుంది. ప్రణాళిక వేసే గైడ్‌కి ఈ సంగతి తెలిసి ఉండాలి.

బోర్డు వైపు పని

సిమ్యులేటర్‌లో బటన్ నొక్కితే ఒక్కసారి నొక్కినట్టే. బోర్డు మీది బటన్ లోపల లోహపు రేకు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడుతుంది. 12 మెగాహెర్ట్జ్ సర్క్యూట్‌కి అవన్నీ వేర్వేరు నొక్కుళ్లే. పైగా బటన్‌కి మన క్లాక్‌తో సంబంధం లేదు, కాబట్టి సిగ్నల్‌ను రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపాకే లోపల వాడాలి. చిప్ లోపలి ర్యామ్‌ను చదివితే విలువ తర్వాతి టిక్కులో వస్తుంది. ప్రమేయంలా వెంటనే రాదు. క్లాష్ నేర్చుకునేవాళ్లు మొదటిసారి గట్టిగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే అప్పటిదాకా కోడ్‌లో కాలం కనిపించలేదు. వీజీఏ తెర మీద బొమ్మ చూపాలంటే 640 ఇంటూ 480 చుక్కలకు నిజానికి 800 ఇంటూ 525 చుక్కల కాలం లెక్కపెట్టాలి, సెకనుకు 2.5 కోట్ల పైచిలుకు చుక్కలు. ఇవేవీ కష్టమైనవి కావు. కానీ ఒక్కోదానికీ వారం పడుతుంది.

అందుకని సెమిస్టర్ 16 వారాలనుకుంటే, మొదటి రెండు వారాలు ఎల్‌ఈడీ వెలిగించడానికే ఇవ్వాలని నా సలహా. 24 బిట్ల కౌంటర్ పై బిట్‌ను ఎల్‌ఈడీకి కలిపితే 1,67,77,216 టిక్కులకు ఒకసారి చక్రం తిరుగుతుంది, 12 మెగాహెర్ట్జ్‌లో 1.4 సెకన్లు. సర్క్యూట్‌లో విషయం ఏమీ లేదు. కానీ కంపైలర్ ఎక్కించడం, పిన్నుల ఫైలు, యూఎస్‌బీ డ్రైవర్, అనుమతులు, ఇవన్నీ ఆ రెండు వారాల్లో తలనొప్పి పెట్టి పోతాయి. ఆఖరి నెలలో పెట్టకూడదు. మిగిలిన వారాల్లో సగానికి తక్కువ కాకుండా బోర్డు పనికి వదలాలి. డిజైన్ పూర్తయ్యాక బోర్డు మీద పెడదామనుకునే బ్యాచ్ చివరికి వేవ్‌ఫామ్ ప్రింటవుట్‌తో వైవాకి వస్తుంది.

పనిముట్లలో ఉచితమైన దారి ఇప్పుడు బాగా నడుస్తోంది. క్లేర్ వుల్ఫ్ తయారు చేసిన యోసిస్, 2015లో వచ్చిన ఐస్‌స్టార్మ్, తర్వాతి నెక్స్ట్‌పీఎన్ఆర్ కలిసి లాటిస్ చిప్‌లకు కంపెనీ సాఫ్ట్‌వేర్ అవసరం లేకుండా చేశాయి. సాధారణ ల్యాప్‌టాప్ మీద చిన్న డిజైన్ సెకన్లలో తయారవుతుంది. జైలింక్స్ వివాడో ఉచిత రూపం ఉన్నా పదుల గిగాబైట్లు దించుకోవాలి. హాస్టల్ వైఫై మీద అది కూడా ప్రణాళికలో ఒక అంశమే. టాంగ్ నానో లాంటి చవక బోర్డులకూ ఉచిత దారి ఉంది. ల్యాబ్‌లో ముందే బేసిస్ 3 బోర్డులుంటే వాటినే వాడుకోవడం మేలు, క్లాష్ ఇచ్చే వెరిలాగ్‌ను వివాడో కూడా తీసుకుంటుంది.

ప్రాసెసర్ మోజు

ప్రాసెసరే చేస్తామంటే వద్దనక్కర్లేదు, ఏ ప్రాసెసర్ అన్నదే ప్రశ్న. ఆర్‌వీ32ఐ అనే రిస్క్-ఫైవ్ మూల ఆదేశాలు 40. చూడటానికి తక్కువే. కానీ ప్రోగ్రామ్ ఎక్కించడం, మెమరీ, కంపైలర్ లింకర్ ఫైలు కలిపి చూస్తే అది ఒక సెమిస్టర్ మీద ఇంకో సెమిస్టర్. నలుగురి బ్యాచ్‌కి చిప్-8 నాకు మేలైనదిగా కనిపిస్తుంది. 1970ల్లో జోసెఫ్ వైస్‌బెకర్ చిన్న కంప్యూటర్ల మీద ఆటల కోసం రూపొందించిన ఊహా యంత్రం ఇది: 35 ఆదేశాలు, 16 రిజిస్టర్లు, 4 కిలోబైట్ల మెమరీ, 64 ఇంటూ 32 చుక్కల తెర. 1,280 పట్టికల ఆ చిన్న చిప్‌లో ర్యామ్ 16 దిమ్మెలు, ఒక్కోటి 4 కిలోబిట్లు. చిప్-8 మెమరీకి ఎనిమిది, తెరకు అర దిమ్మె చాలు. పట్టికలు మాత్రం ఇరుకవుతాయి, 5,280 ఉన్న యూపీ5కే రకం తీసుకోవడం నయం.

ఇక్కడా సరైన జవాబును సర్క్యూట్‌తో నిమిత్తం లేకుండా వేరే దారిలో తెలుసుకోవచ్చు. మొదట హాస్కెల్‌లో క్లాక్ ఊసెత్తకుండా చిప్-8ను ఒక ప్రమేయంగా రాయాలి: యంత్రపు స్థితి ఇస్తే, ఒక ఆదేశం అమలయ్యాక స్థితి. దాని మీద ఆట నడిస్తే వివరణ సరిగ్గా ఉన్నట్టే. తర్వాత రాసే సర్క్యూట్ ఒక్కో ఆదేశానికి అనేక టిక్కులు తీసుకోవచ్చు, కానీ ఆదేశం పూర్తయిన ప్రతిసారీ రెండింటి రిజిస్టర్లూ కలవాలి. ఎక్కడ విడిపోతే తప్పు అక్కడే. కోన్ క్లాసెన్, జాన్ హ్యూస్‌ల క్విక్‌చెక్ ఉంటే యాదృచ్ఛికంగా ఆదేశాలు పుట్టించి రాత్రంతా నడిపించవచ్చు, తప్పు దొరికితే దాన్ని వీలైనంత చిన్న ఉదాహరణకు కుదించి చూపిస్తుంది. ప్రమేయం రాసేవాళ్లూ సర్క్యూట్ రాసేవాళ్లూ వేరువేరుగా ఉండటం ముఖ్యం. ఒకరే రాస్తే ఒకే అపార్థం రెండు చోట్లా చేరి, రెండూ చక్కగా కలుస్తాయి.

మన కాలేజీల్లో

అసలు ఖర్చు బోర్డుది కాదు, హాస్కెల్‌ది. ఈసీఈ విద్యార్థికి క్లాక్ తెలుసు, ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ తెలియదు. సీఎస్ఈ వాళ్లకు కనీసం పైథాన్‌లో మ్యాప్, ఫిల్టర్ తెలుసు, క్లాక్ తెలియదు. రెండు బ్రాంచీలూ కలిసిన బ్యాచ్ దీనికి సరిగ్గా సరిపోతుంది, కానీ చాలాచోట్ల నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. హాస్కెల్ ఎలక్టివ్‌గా ముందు సెమిస్టర్‌లో చెప్పే వీలుంటే క్లాష్. లేదంటే, జావా వచ్చినవాళ్లకు చిజెల్. రెండూ కుదరకపోతే వెరిలాగ్‌లోనే రాయించి, సరిచూసే ప్రమేయాన్ని మాత్రం పైథాన్‌లో రాయించినా ఇక్కడ చెప్పిన లాభంలో చాలా వరకు దక్కుతుంది. టైపుల రక్షణ పోతుంది, అంతే. శక్తి మీద పని చేయాలనుకునేవాళ్లకు బ్లూస్పెక్ తప్ప దారి లేదు. అది ఎంటెక్ స్థాయికి బాగుంటుంది.

ఉద్యోగాల మాట తల్లిదండ్రులే ముందు అడుగుతారు. ఏఎండీలో కలిసిన జైలింక్స్ సహా చిప్ డిజైన్ కంపెనీలు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి, ఇంటర్వ్యూల్లో అడిగేది వెరిలాగ్, సిస్టమ్ వెరిలాగ్, యూవీఎం అనే వెరిఫికేషన్ పద్ధతి. కేంద్ర ప్రభుత్వం చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమంలో ఐదేళ్లలో 85 వేల మందికి శిక్షణ లక్ష్యంగా పెట్టుకుంది. అదీ ఆ పనిముట్ల చుట్టూనే. క్లాష్ పుట్టించే వెరిలాగ్‌ని మనిషి చదవడం కష్టం, తీగల పేర్లు గుర్తుపట్టలేనట్టు ఉంటాయి. కాబట్టి ప్రతి ప్రాజెక్టులోనూ ఒక్క భాగాన్ని, సీరియల్ పోర్టు అనుకుందాం, చేత్తో వెరిలాగ్‌లో కూడా రాయించి, అవే పరీక్షలు దాని మీద నడిపించడం న్యాయం. కంపెనీల్లో వెరిఫికేషన్ ఉద్యోగాలు చేసేవాళ్ల పని కూడా ఇదే: సరిచూసే నమూనా ఒకవైపు, డిజైన్ ఒకవైపు. ఇంటర్వ్యూలో క్లాష్ అనే పేరు ఎత్తకుండా ఈ అనుభవం చెప్పుకున్నా సరిపోతుంది.

మార్కుల దగ్గరే పాత అలవాటు ఎక్కువ అడ్డొస్తుంది. బోర్డు మీద లైటు వెలిగిందా, రిపోర్టు ఎన్ని పేజీలు అన్నవి చూసి వేయడం సులువు. వైవాలో ఇంకో పని చేయవచ్చు. పరీక్షకుడు బ్యాచ్ ఎదుటే సర్క్యూట్ కోడ్‌లో ఒక పోలికను తిరగేసి, లేదా ఒక ఆదేశంలో ఒక బిట్ మార్చి, పరీక్షలు మళ్లీ నడపమనాలి. పరీక్షలు తప్పును పట్టుకుంటే, ఎక్కడ విడిపోయిందో విద్యార్థి చూపించి ఎందుకో చెప్పాలి. పట్టుకోకపోతే లైటు వెలుగుతున్నా సగం మార్కులు పోవాలి. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు ఈ ఐదు నిమిషాలు దాటడం కష్టం.